రెండిళ్ళ మధ్య పీట

ద్రాక్షారామంలో ద్రాక్షతోటలుండవు. ఆ పేరు విని కొత్తగా వెళ్ళినవాళ్ళు పందిళ్ళ కోసం వెదికితే కనిపించేవి వరిచేలూ, కొబ్బరిచెట్లూ, పంటకాలవలూను. అసలు పేరు దక్షారామం. దక్షుడి తోట అన్నమాట. జనం నోళ్ళలో నానినాని దక్షుడు కాస్తా ద్రాక్ష అయి కూర్చున్నాడు. మామగారి పేరున ఊరు, అల్లుడుగారికి గుడి! ఆ ఇద్దరికీ పడకపోబట్టి మధ్యన కూతురేమయిందో మనందరికీ తెలిసిన కథే.

ఆ ఊరి సంగతి ఇప్పుడెందుకంటారా? ఏ సంక్రాంతి సంచిక తెరిచినా, ఏ దీపావళి సంచిక తిరగేసినా పరాయిదేశంలో ఉన్నవాళ్ళ కథ ఒకటైనా కనిపిస్తుంది గదా. కాలు అక్కడ, మనసు ఇక్కడ. ఇక్కడికొస్తే మళ్ళీ మనసు అక్కడ. రెండు దేశాలూ కావాలి, ఏ దేశమూ పూర్తిగా తమది కాదు. అదీ వాళ్ళ బాధ. చదివి ‘అయ్యో పాపం’ అనుకుంటాం, పుస్తకం పక్కింటావిడకి ఇచ్చేస్తాం. ఇదంతా విమానాలూ వీసాలూ వచ్చాక పుట్టిన కొత్త జబ్బని మన నమ్మకం. కాదండీ! రెండు ఊళ్ళ మధ్య చిక్కుకున్నవాళ్ళ కథలు రెండు, బాగా పాతవి, ఈ దక్షారామాన్ని పట్టుకునే ఉన్నాయి. ఒకటి మగవాడిది, ఒకటి ఆడదానిది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇవాళ్టి కథల్లో ఏది బాగుందో, వెలితి ఎక్కడుందో తెలుస్తుందని నాకు తోచింది.

మొదటిది వ్యాసుడి కథ. చెప్పినవాడు శ్రీనాథుడు. ‘భీమేశ్వర పురాణం’ అనగానే ఏదో స్థలపురాణం, తీర్థయాత్రలకెళ్ళే పెద్దవాళ్ళు చదువుకునేది అని పక్కన పెట్టేస్తాం. కాని లోపల ఉన్నది ఊరు పోగొట్టుకున్న మనిషి కథ.

వ్యాసమహర్షి శిష్యులతో కాశీలో ఉన్నాడు. ఒకనాడు భిక్షకు వెళితే ఏ ఇంటా పిడికెడు మెతుకులు పుట్టలేదు. మర్నాడూ అంతే. ఒక ఇల్లాలు ఇంకా వంట కాలేదంటుంది, ఒకావిడ మళ్ళీ రమ్మంటుంది, మరో ఇంట తలుపే తియ్యరు. ఇదంతా శివుడు పెట్టిన పరీక్ష. ఆకలి కడుపు గదా, మహర్షికి ఒళ్ళు మండి, కాశీవాసులకు మూడు తరాల పాటు ధనమూ, విద్యా, మోక్షమూ లేకుండా పోవాలని శపించబోయాడు. అంతలో ఓ వాకిట్లోంచి పెద్దముత్తైదువ ఒకావిడ పిలిచింది. ఒక పూట అన్నం దొరక్కపోతే ఊరినే శపిస్తారా అని నెమ్మదిగా చివాట్లు పెట్టి, ఆయన్నీ, వెంట ఉన్న శిష్యులందరినీ కూర్చోబెట్టి కడుపు నిండా పెట్టింది. ఆవిడ సాక్షాత్తూ పార్వతీదేవి. ఈ ఘట్టం శ్రీనాథుడి ‘కాశీఖండం’లోనూ ఉంది. ‘భిక్ష’ అన్న పేరుతో పదో తరగతి వాచకంలోకి కూడా ఎక్కింది. మీ పిల్లలు పద్యాలు బట్టీ పడుతూంటే మీరూ వినే ఉంటారు.

భోజనాలయ్యాయి. ఆవిడ క్షమించింది గానీ ఆయన క్షమించలేదు. కాశీ విడిచి పొమ్మన్నాడు శివుడు. వెళ్ళేవాణ్ణి దేవి మాత్రం ఊరికే పంపలేదు. దక్షిణాన దక్షారామం ఉంది, అక్కడికి వెళ్ళమని దారి చెప్పింది.

ఇక్కడ మనం ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. వేదాలు విభజించిన మనిషి ఊరు పోగొట్టుకున్నది ఘోరమైన నేరం చేసి కాదు. అన్నం దగ్గర నోరు జారబోయి. లోకంలో ఊరు విడిచినవాళ్ళ కథలు చాలావరకు ఇంతే. అన్నం దగ్గర అలిగో, ఇంకాస్త మంచి అన్నానికి ఆశపడో బయల్దేరతారు. పెద్ద పెద్ద కారణాలు తరవాత, తీరిగ్గా కల్పించుకుంటారు. శ్రీనాథుడు ఆ కల్పనల జోలికి పోకుండా ఆకలిని ఆకలిగానే చెప్పాడు. అది నాకు నచ్చింది.

ఆయనకది తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆయనా ఊరు మారినవాడే. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా వైభవం చూశాడు. ఆ ప్రాపు పోయాక రాజమహేంద్రవరం రెడ్డిరాజుల చెంత చేరాడు. ఈ పురాణం అక్కడి మంత్రి బెండపూడి అన్నయకు అంకితమిచ్చాడు. కొత్త ఊళ్ళో, కొత్త కొలువులో కూర్చున్న కవి, పాత ఊరు పోయి కొత్త ఊరికి నడిచొస్తున్న వ్యాసుడి కథ రాస్తున్నాడన్నమాట. పరాయి ఊళ్ళ తిండి మీదా, నీళ్ళ మీదా ఆయన చెప్పినవిగా ప్రచారంలో ఉన్న చాటువులు వింటే, ఈ మనిషికి ఊరు మారడం ఎంత కష్టమో అర్థమవుతుంది. జొన్నకూడు ఎదుట పెడితే సన్నబియ్యం గుర్తొచ్చే రకం!

* * *

ఇంతకీ కాశీ పోగొట్టుకున్న వ్యాసుడు ఏమయ్యాడు? దీనికి జవాబులు రెండున్నాయి. విమర్శకు పనికొచ్చేది ఆ రెండు జవాబుల మధ్య తేడాయే.

సంస్కృతంలోని కాశీఖండం ప్రకారం ఆయన ఎంతో దూరం పోలేదు. గంగ దాటి అవతలి ఒడ్డున కూర్చున్నాడు. అక్కణ్ణుంచి కాశీని చూస్తూ కాలం గడిపాడు. అష్టమికీ చతుర్దశికీ మాత్రం ఊళ్ళోకి వచ్చిపోవడానికి అనుమతి. ఇవాళ్టికీ కాశీ ఎదురుగా రామనగర్ వైపు ‘వ్యాసకాశీ’ అని చూపిస్తారు. చూశారా, సందర్శకుల వీసా మనం అనుకున్నంత కొత్తదేం కాదు!

శ్రీనాథుడి వ్యాసుడు అలా ఒడ్డున కూర్చోలేదు. మనసు కాశీ మీద పెట్టుకునే, నడిచాడు. దారిలో అగస్త్యుడు కలిశాడు. అగస్త్యుడెవరు? వింధ్యపర్వతం పొగరు అణచడానికని దేవతలు బతిమాలితే, ప్రాణంలాంటి కాశీ విడిచి దక్షిణానికి వచ్చి, ఇక తిరిగి వెళ్ళలేకపోయినవాడు. అంటే ఇదే బాధ ముందుగా పడి, తట్టుకుని, ఈ నేలకి అలవాటుపడ్డవాడు. కొత్తగా వచ్చినవాడికి ఆ పాతకాపు ఎదురొచ్చి, వెంట ఉండి దక్షారామం మహిమంతా చెబుతాడు. ఇందులో భక్తి ఎంత ఉందో లోకజ్ఞానం అంత ఉంది. పరాయి ఊళ్ళో దిగినవాడికి ముందుగా కావలసింది ఉపదేశం కాదు, తనకంటే ముందు దిగినవాడొకడు.

అలాగని ఈ కావ్యంలో నాకన్నీ నచ్చాయని కాదు. దక్షారామం గొప్ప చెప్పాలంటే కాశీతో పోటీ పెట్టకుండా కవికి చేత కాదు. కాశీ మోక్షమిస్తుంది, సరే. మా భీమేశ్వరుడు భోగమూ మోక్షమూ రెండూ ఇస్తాడు అంటాడు. ‘దక్షిణకాశి’ అన్న మాటే తీసుకోండి. ఆ ఊరిని ఆ ఊరిగా చూడగలిగితే ఆ పేరెందుకు? కాశీని మరిచిపోలేనివాడు పెట్టుకున్న పేరది. అక్కణ్ణుంచి ఫోన్ చేసి, ‘ఇక్కడ అన్నీ దొరుకుతాయమ్మా, ములక్కాడలతో సహా దొరుకుతాయి’ అనే పిల్లల గొంతు ఇందులో వినపడదూ? అన్నీ దొరుకుతాయని మాటిమాటికీ చెప్పేది దొరకనిదేదో ఉంటేనే గదా. పైగా ఆ ఊరి భోగం పేరు చెప్పి ఆడవాళ్ళ అందచందాలు వర్ణించడంలో శ్రీనాథుడికి చెయ్యి ఆగదు. వ్యాసుడి దుఃఖం ఆ వర్ణనల వెనకాల చాలాసేపు కనపడకుండా పోతుంది.

అయినా మొత్తం మీద శ్రీనాథుడి జవాబే నాకు పెద్దదిగా కనపడుతుంది. కాశీని మరిచిపొమ్మని ఆయన వ్యాసుణ్ణి అనడు. దక్షారామం చేరితే బెంగ తీరిపోతుందనీ అనడు. బెంగని వెంటబెట్టుకునే ఇంకో ఊళ్ళో బతకవచ్చునంటాడు. భీమేశ్వరుడి గుడికి వెళ్ళినవాళ్ళకు తెలుసు. లింగం రెండంతస్తుల ఎత్తు. కింద నిలబడితే కొంతే కనిపిస్తుంది. మెట్లెక్కి పైకి వెళితే మిగతాది. కిందిది ఒక దేవుడూ, పైది ఇంకో దేవుడూ అని ఎవరూ అనరు.

మన పరదేశపు కథల్ని ఈ రెండు జవాబుల పక్కన పెట్టి చూడండి. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చాక మనవాళ్ళు డాక్టర్లూ ఇంజనీర్లూగా వెళ్ళడం పెరిగింది. 1977లో తానా పుట్టింది. హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ 1990ల నుంచి అక్కడి తెలుగు కథల్ని సంపుటాలుగా వేస్తోంది. అంటే కొరత సరుక్కి కాదు. మంచి కథలూ వచ్చాయి. నేనే ఒక్క రచయితనీ వేలు పెట్టి చూపించడం లేదు. కాని నాకు తారసపడ్డ కథల్లో ఎక్కువ భాగం గంగ ఒడ్డున కూర్చుని రాసినవే. ఎదుట ఊరు కనపడుతూంటుంది, ఇటు నిట్టూర్పు వినపడుతూంటుంది. గోంగూర పచ్చడి, ఫిల్టర్ కాఫీ, అమ్మ చేతి ముద్ద, కాలవగట్టు. చదువుతుంటే నోరూరుతుంది, కళ్ళు చెమరుస్తాయి. బాగానే ఉంటుంది. పదో కథకి మాత్రం అనుమానం వస్తుంది. ఆ కాలవగట్టు ఇరవై ఏళ్ళయినా అలాగే ఉంటుందేమిటి? ఆ అమ్మకి వయసు రాదేమిటి? ఆవిడకి మోకాళ్ళ నొప్పులు రావా, ఒంటరితనం ఉండదా, ఆవిడ రోజూ పొద్దున్నే లేచి ఎదురుచూపు తప్ప ఇంకే పనీ చెయ్యదా?

ఇంకా పెద్ద అనుమానం, ఆ గోంగూర పచ్చడి పరాయిదేశంలో నూరిపెడుతున్నదెవరు? ఆ కథల్లో ఆవిడ వంటింట్లో ఉంటుంది. కథానాయకుడికి ఊరు గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ పోపు పెడుతుంది. ఆవిడకీ ఓ ఊరుందనీ, ఆ ఊరు ఈయన ఊరు కాదనీ రచయితకు తట్టదు. అక్కడే మనకు రెండో కథ అవసరమవుతుంది.

* * *

రెండో కథ సతీదేవిది. భాగవతం నాలుగో స్కంధంలో ఉంది, పోతన తెలుగు చేశాడు. హరికథల్లో చిన్నప్పణ్ణుంచీ విన్నాం. దక్షుడు యజ్ఞం తలపెట్టాడు, అందరినీ పిలిచాడు, కూతుర్నీ అల్లుణ్ణీ తప్ప. ఆకాశంలో విమానాల మీద దేవతాస్త్రీలు పట్టుచీరలు కట్టుకుని ఆ యజ్ఞానికి వెళ్తూంటే సతి చూసింది. వెళతానంది. శివుడు వద్దన్నాడు. తరవాత ఏం చేసిందో భాగవతంలో చెప్పిన తీరు చూడండి. ఆవిడ గడప దాటి బయటికి వస్తుంది, మళ్ళీ లోపలికి వెళుతుంది. అయినవాళ్ళని చూడాలని ఇటు, మొగుడి మాట దాటలేక అటు. మనసు రెండుగా చీలిపోయింది. రెండు దేశాల మధ్య నలిగే మనిషిని ఇంత తక్కువలో, ఇంత నిజంగా చూపించిన ఘట్టం నేనింకెక్కడా చదవలేదు. గోంగూర లేదు, కాఫీ లేదు. గడప ఒకటి, ఆడమనిషి ఒకతె, అంతే.

చివరికి వెళ్ళింది. వెళితే, దక్షుడికి భయపడి సభలో ఎవరూ పలకరించలేదు. తల్లీ, అక్కచెల్లెళ్ళూ మాత్రం కావలించుకున్నారు, కంటతడి పెట్టుకున్నారు. కూర్చోమని ఆసనం వేశారు, పెట్టుబడులు పెట్టబోయారు. సతి అవేవీ అందుకోలేదు. తండ్రి తల తిప్పి చూడలేదు. యజ్ఞంలో మొగుడికి భాగం లేదు. పీట వేసినవాళ్ళున్నారు గానీ, ఆ ఇంట్లో పీట వెయ్యడానికి హక్కున్నవాడు వెయ్యలేదు. మనం ‘అమ్మగారిల్లు’ అని ముద్దుగా పిలుచుకునే ఇంట్లో అమ్మ మాట ఎంతవరకు చెల్లుతుందో భాగవతం ఎంత కచ్చితంగా చెప్పిందో చూడండి.

అప్పుడావిడ అన్న మాట ఇంకా పెద్దది. దాక్షాయణీ అని తనని పిలిస్తే ఇకమీదట సిగ్గేస్తుందంటుంది. తండ్రి వల్ల వచ్చిన ఆ పేరూ వద్దు, తండ్రి వల్ల వచ్చిన ఈ దేహమూ వద్దనుకుని, యోగాగ్నిలో దగ్ధమైపోయింది. పుట్టిన ఇంటి పౌరసత్వం తిరిగి ఇచ్చేసిందన్నమాట. తమాషా ఏమిటంటే, ఆ యజ్ఞం జరిగింది ఇక్కడేనని చెప్పుకునే ఊరికి ఇప్పటికీ తండ్రి పేరే. పదునెనిమిది శక్తిపీఠాల్లో ఒకటిగా కొలిచే ఆవిడకి మాత్రం వేరే పేరు, మాణిక్యాంబ. 

హరిదాసులు దీనికి చెప్పే నీతి ఏమిటి? పిలవని పేరంటానికి వెళ్ళకూడదని. తప్పు కూతురి మీద పెట్టి మంగళం పాడేస్తారు. నాకీ నీతి ఎప్పుడూ రుచించలేదు. పుట్టింటికి కూతురు వెళ్ళడం పేరంటమా? సతిని చంపింది ఆవిడకి రెండిళ్ళుండడం కాదు. ఒక ఇంట్లో ఇంకో ఇంటికి చోటు లేకపోవడం. ఇటు మనిషిని గురించి అటు హేళన చేస్తుంటే నిలబడి వినవలసి రావడం. రెండిళ్ళున్న వాళ్ళం మనమంతా. పెళ్ళయిన మర్నాటి నుంచీ ‘మా ఇల్లు’ అని ఏ ఇంటిని అనాలో తడబడుతూనే ఉన్నాం. అక్కడ ‘మా ఊళ్ళో’ అంటే అత్తగారు మొహం ముడుచుకుంటుంది, ఇక్కడ ‘మా ఇంట్లో’ అంటే వదినగారు నవ్వుతుంది. విమానం ఎక్కకముందే మనం రెండు దేశాల మనుషులం. అయినా బతుకుతున్నాం, నవ్వుతున్నాం, రెండు చోట్లా పచ్చళ్ళు పెడుతున్నాం. రెండుండడంలో చావు లేదు. చావు ఉన్నది పీట దగ్గర.

ఇది పురాణం మాటే అనుకుంటే పొరపాటు. ద్రాక్షారామానికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో కాకినాడ ఉంది. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి. ఒకప్పుడు పెద్ద రేవు, 1839 తుఫానుకు దెబ్బతింది. తరవాత రోజుల్లో కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి పొగ ఓడలెక్కి మనవాళ్ళు రంగూన్ వెళ్ళేవారు. పల్లెల్లో దాన్ని ‘రంగం’ అనేవారు. రంగం వెళ్ళినవాడు ఓడరేవులో మూటలు మోశాడు, బియ్యం మిల్లుల్లో పనిచేశాడు, రిక్షా లాగాడు. 1931 లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగరంలోనైతే సగానికి పైగా మనదేశం వాళ్ళే. తెలుగువాడు ఏ జిల్లా వాడైనా సరే అక్కడ ‘కొరంగీ’యే. చిన్న రేవు పేరు పెద్ద జాతికి పేరై, పోనుపోను తిట్టయింది.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ చోట బర్మా వాళ్ళని పనిలో పెట్టి, సమ్మె తీరగానే వాళ్ళని తీసేశారు. దాంతో అల్లర్లు రేగి వందమందికి పైగా చనిపోయారు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. నిన్నటి దాకా ఒకే ప్రభుత్వం కింద ఉన్న ఊరు తెల్లారేసరికి పరాయిదేశం! 1941 డిసెంబరు 23న జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. 1942లో లక్షలమంది అడవుల్లో, కొండల్లో పడి నడుస్తూ ఇటు వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళినవాళ్ళూ, అక్కడే నిలిచినవాళ్ళూ ఉండగా, 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసింది. ఇంకో రెండు మూడు లక్షలమంది, సంపాదించిందంతా అక్కడే వదిలేసి ఓడలెక్కారు.

తిరిగి వచ్చినవాళ్ళని మనం ఏమని పిలిచాం? ‘బర్మావాళ్ళు’ అని. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంపు’ అన్న పేటే ఉంది. అక్కడ ఉన్నంత కాలం కోరంగి పేరు, ఇక్కడికి వచ్చాక బర్మా పేరు. వాళ్ళు ఎక్కడుంటే అక్కడిది కాని పేరు. వ్యాసుడికి అగస్త్యుడు దొరికాడు, వీళ్ళకి దొరకలేదు. వీళ్ళది సతి కథ. సొంత వాకిట్లోకి వచ్చి, పలకరించేవాళ్ళ కోసం నిలబడ్డ కథ.

అందులో మళ్ళీ ఆడవాళ్ళు. రంగం వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు బహు తక్కువ. వాళ్ళు ఊళ్ళోనే ఉండి, వచ్చే డబ్బు కోసం, రాని ఉత్తరం కోసం ఎదురుచూస్తూ పిల్లల్ని పెంచారు. కొందరు మగవాళ్ళు అక్కడి స్త్రీలనీ పెళ్ళాడారు. మొగుడు ఈ దేశపువాడు, పుట్టిల్లు ఆ దేశం. 1942లో అలాంటి ఇల్లాలు ఏ గడప దాటాలి? ఆవిడ మీద మనకి ఎన్ని కథలున్నాయి? అమెరికాలో కరివేపాకు దొరకని బాధ మీద ఉన్నన్ని ఉన్నాయా? ఇదీ మన వలస సాహిత్యం మీద నా అసలు ఫిర్యాదు. చదువుకున్నవాడి బెంగకి అచ్చు దొరికింది, మూటలు మోసినవాడి బెంగకి, వాడి పెళ్ళాం బెంగకి దొరకలేదు. 

* * *

ఇక ఇప్పటి మాట. మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం ప్రకారం, కోరి పరాయి దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవాళ్ళు మన పౌరులు కారు. 2005 తరవాత ‘ఓసీఐ’ కార్డు వచ్చింది. దానితో ఎప్పుడైనా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. కాని వోటు లేదు, పొలం కొనుక్కోకూడదు. తాతగారి కొబ్బరితోట వారసత్వంగా వస్తే రావచ్చు గానీ, పక్కనున్న అరెకరం కొని కలుపుకోవడానికి లేదు. అష్టమికీ చతుర్దశికీ అన్న నిబంధన కాస్త సడలించారన్నమాట. అటు అమెరికాలో, మొగుడి ఉద్యోగం వీసా మీద వెళ్ళిన భార్యకి ఉద్యోగం చేసుకునే వీలే ఉండేది కాదు. 2015లో కొందరికి మాత్రం, మొగుడి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటాక, అనుమతి వచ్చింది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి ఏళ్ళ తరబడి ఇంకొకరి కాగితం మీద బతకవలసి రావడం, ఆ కాగితంలో ఆవిడ పేరు ‘ఫలానావారి మీద ఆధారపడినది’ అని ఉండడం, ఇది కథావస్తువు కాదూ? చట్టం ఎవరు ఎక్కడి పౌరులో చెబుతుంది. పీట ఎవరు వెయ్యాలో చెప్పదు. అది చెప్పవలసింది కథ.

అందుకని ఈసారి పరదేశపు కథ ఏదైనా చేతికొస్తే, కళ్ళు చెమర్చాయా లేదా అని మాత్రమే చూడకండి. ఇంకో రెండు ప్రశ్నలు వెయ్యండి. ఈ కథలో కొత్తగా దిగినవాళ్ళకి ఎదురొచ్చిన అగస్త్యుడెవరు? తిరిగి వచ్చినవాళ్ళకి పీట వేసిందెవరు, వెయ్యనిదెవరు? ఈ రెంటికీ జవాబున్న కథ నిలుస్తుంది. లేని కథ ఎంత తియ్యగా ఉన్నా గంగ ఒడ్డు నిట్టూర్పే.

ఇది రచయితలకే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. ఈ పేజీ చదివే మనలో ఎక్కువమంది వెళ్ళినవాళ్ళం కాము, ఉన్నవాళ్ళం. అమ్మాయి మూడేళ్ళకోసారి, మూడు వారాలకి వస్తుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ‘ఎన్నాళ్ళుంటావే?’ ప్రేమతోనే అడుగుతాం. కాని అది చుట్టాన్ని అడిగే ప్రశ్న. ఆవిడ గదిలో బియ్యం బస్తాలూ, పాత పరుపులూ పెట్టుకుని ఉంటాం. పిల్లలు నీళ్ళు తాగడానికి జంకితే ‘దొరబిడ్డలు’ అని నవ్వుతాం. అల్లుడి ఉద్యోగం పోయిందన్న సంగతి వంటింట్లో గుసగుసలాడతాం. ఆవిడ వింటూనే ఉంటుంది. అక్కడి ఇంటిని ఇక్కడ చులకన చేసినప్పుడల్లా, ఇక్కడి ఇంటిని ఆవిడ మనసులో మనమే ఒక మెట్టు దించుతున్నాం. ఆవిడ పల్లెత్తు మాట అనదు. ఇంకోసారి వచ్చినప్పుడు మాత్రం మూడు వారాలు రెండు వారాలవుతుంది.

‘నీకు ఏ దేశం ఇష్టం, అదా ఇదా?’ అని పిల్లల్ని అడుగుతూంటాం సరదాకి. అమ్మ ఇష్టమా నాన్న ఇష్టమా అని అడిగినట్టే ఉంటుంది వాళ్ళకి. ఆ ప్రశ్న మానేస్తే చాలా మేలు. వ్యాసుణ్ణి కాశీ ఇష్టమా దక్షారామం ఇష్టమా అని శ్రీనాథుడు అడగలేదు. ఇక్కడికి వచ్చాడు, ఉండడానికి చోటు చూపించాడు. దక్షుడు మాత్రం అడక్కుండానే తేల్చేశాడు, నువ్వు అటుదానివేనని. ఒకే ఊరిని పట్టుకున్న కథలు రెండూ. మన ఇంటికొచ్చే బిడ్డ విషయంలో ఏ కథ నడపాలో మన చేతిలో ఉంది. తల్లికీ అక్కచెల్లెళ్ళకీ ఆ రోజున ఆ ఇంట్లో మాట చెల్లలేదు. మనకి చెల్లుతుంది గదా.